సెన్సర్ మీద వేలిముద్ర

కొత్త కెమెరాకి లెన్సు విప్పిన కోడలికి లోపల సెన్సర్ మీద ఎవరిదో బొటనవేలి ముద్ర కనిపించింది.

ముద్ర అంటే అలాంటిలాంటి ముద్ర కాదు. పోలీసులు చూస్తే ముచ్చటపడి ఫ్రేము కట్టించుకునేంత స్పష్టంగా ఉంది. పైన గీతలు గీతలుగా మొదలై, కిందికి వచ్చేసరికి నూనె మరకలా సాగిపోయింది. లెన్సులోంచి వచ్చే వెలుగంతా వాలేది ఆ చిన్న పలక మీదే. దాని మీద మరక ఉంటే, తీసే ప్రతి ఫొటోలోనూ మరక ఉంటుంది.

కోడలు కుర్చీలో కూలబడింది. ఆ సాయంత్రమే వయొలిన్ కచేరీ.

ఊళ్ళో ఒక సంగీత మందిరం ఉంది. అక్కడ ఫొటోలు తీసే పని ఏళ్ళ తరబడి ఈ స్టూడియోదే, అంటే మామగారిదే. కిందటి సీజన్లో ఒక పియానో కళాకారిణి, పక్కవాడి ఊపిరి కూడా వినపడేంత సన్నగా వాయిస్తూ వేళ్ళు గాల్లో ఆపిన క్షణాన, మామగారి పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా 'ఠప్' మంది. ఆవిడ వాయించడం మానేసి ఆయన వైపు చూసింది. ఆవిడతో పాటు హాలు హాలంతా చూసింది. మర్నాడు మేనేజరు ఫోన్ చేసి, ఇక మీరు రానక్కర్లేదన్నాడు.

అప్పటిదాకా పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే బల్లకి అతుక్కుపోయిన కోడలు, ఆ మేనేజరు వెంటపడింది. మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాననీ, అది చప్పుడు చేయదనీ అతని చెవి దగ్గర పెట్టి నొక్కి చూపించింది. చివరికి ఒక్క కచేరీ ఇచ్చాడు. కచేరీ అవగానే ఫొటోలు నేరుగా పత్రికలకి వెళ్ళాలి. ఒక్కటి చెడినా మళ్ళీ మందిరం మెట్లు ఎక్కే పని లేదు. కోడలికి మళ్ళీ కత్తెరే గతి.

ఆమె ముద్రని భూతద్దంలో చూసింది. తనది కాదు, ఇందులో సగమే ఉంటుంది తన వేలు. అసలు పాత కెమెరాలో అయితే ఈ గొడవే రాదు. లెన్సు తీస్తే ముందు అద్దం అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని వెనక తెర, ఆ వెనకెక్కడో సెన్సర్. కొత్తదాంట్లో అద్దమే లేదు. లెన్సు తీయగానే సెన్సర్ వీధి అరుగు మీద కూర్చున్నట్టు ఎదురుగా ఉంటుంది. అద్దం లేకపోబట్టే చప్పుడు లేదు, బరువూ లేదు. కాపలా కూడా లేదు.

ఆ ఇంట్లో డీఎస్ఎల్ఆర్ పేరు పెద్దది, మిర్రర్‌లెస్ పేరు చిన్నది. ఆ పేర్లు అత్తగారు పెట్టినవి.

కోడలు ముందు వెనక గదిలోకి వెళ్ళింది. భర్త కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరి మొహం మీదో మొటిమలు తీసేస్తున్నాడు.

"చిన్నదాన్ని మీరు ముట్టుకున్నారా?"

"నేనా? నాకు కెమెరా ఇస్తే మనుషుల తలలు తెగిపోతాయని మా నాన్న ఎప్పుడో తేల్చేశారుగా."

"సెన్సర్ మీద వేలిముద్ర ఉంది."

అతను అప్పుడు తల తిప్పాడు. "మరకేగా. ఒక్కో ఫొటోలో నేను తుడిచేస్తాలే."

"మీరు ఒక్కోటీ తుడిచేసరికి ఆ వయొలిన్ ఆయన రిటైరైపోతాడు. వేలు చూపించండి."

భర్త బుద్ధిగా బొటనవేలు చాపాడు. సన్నగా, మెత్తగా, మౌసు తప్ప వేరే బరువు ఎరగని వేలు. కోడలు దాన్ని వదిలేసి ముందు గదిలోకి నడిచింది.

కౌంటర్ దగ్గర అత్తగారు కవర్లలో ఫొటోలు సర్దుతోంది.

"అత్తయ్యా, మీరేమైనా చిన్నదాని లెన్సు తీశారా?"

"దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు నాకు. పెద్దదైతే కనీసం ఎత్తి ఎవరినైనా కొట్టొచ్చు," అంది అత్తగారు. "మీ మామయ్యని అడుగు. ఈమధ్య పొద్దున్నే లేచి పిల్లిలా తిరుగుతున్నారు. నిన్న నేను పేపరు చదువుకుంటుంటే తలుపు పక్కన నిలబడి ఉన్నారు. ఏంటండీ అంటే, ఏం లేదే అన్నారు. ఆయన ఏం లేదన్నారంటే ఏదో ఉన్నట్టే."

కోడలి మనసులో లైటు వెలిగింది. అవమానం జరిగింది మామగారికి. చేజారింది ఆయన పని. చిన్నది చెడిపోతే, సాయంత్రం మందిరానికి వెళ్ళేది పెద్దదే.

మధ్య గదిలో తెల్ల తెర ముందు మామగారు స్టూలు మీద కూర్చుని, పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నారు.

"మామయ్యగారూ, మీరు చిన్నదాన్ని ముట్టుకున్నారా?"

"ఆ అగ్గిపెట్టెనా? నా చెయ్యి పడితే నలిగిపోదూ?"

"సెన్సర్ మీద ఎవరో వేలు పెట్టారు."

గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది. "చూశావా మరి. తలుపుల్లేని కొంప అది. ఎవరు పడితే వాళ్ళు లోపలికొస్తారు. దీన్ని చూడు. వానలో తడిసింది, మెట్ల మీంచి దొర్లింది. కిక్కురుమనలేదు."

"కిక్కురుమనకపోతే మనకీ గతి పట్టేది కాదు."

మామగారు ఆ మాట వినిపించుకోనట్టు నటించారు. "చేతిలో పట్టుకుంటే పట్టుకున్నట్టుండాలమ్మా. నీదాన్ని పట్టుకుంటే చిటికెన వేలికి చోటు లేక గాల్లో వేలాడుతుంది."

"మీదాన్ని మోసి మోసి మీ మెడే ఓ పక్కకి ఒరిగిపోయింది. ఎవరైనా మీకు ఫొటో తీయాలంటే కెమెరాని వంచాలి."

"సరే. నేను వ్యూఫైండర్‌లో కన్ను పెడితే లోకం లోకంలా కనిపిస్తుంది. నువ్వో? చిన్న టీవీ పెట్టుకుని చూస్తావు."

"ఆ టీవీలో ఫొటో ఎలా వస్తుందో తీయకముందే తెలుస్తుంది. మీరు తీశాక చూసుకుని 'అబ్బే' అంటారు."

మామగారికి నవ్వొచ్చింది కానీ దాన్ని మీసాల కిందే ఆపేశారు. "ఇదిగో, కష్టమొచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాది తీసుకెళ్ళు. తువ్వాలు చుట్టి నొక్కితే చప్పుడు రాదు."

"తువ్వాలు చుట్టుకుని వెళితే మేనేజరు నాకు స్నానాల గది చూపిస్తాడు," అని కోడలు వెనక్కి తిరిగింది.

దొంగ ఎవరో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు మరక పోవాలి. సెన్సర్ తుడవడానికి కెమెరాతో పాటు కొన్న పెట్టె ఒకటుంది. అందులో బుజ్జి సీసాలో ద్రవం, మెత్తటి గుడ్డ తొడిగిన పుల్లలు రెండు. కోడలు ఫ్యాను ఆపింది. మొదటి పుల్లకి ఓ చుక్క అద్ది, ఊపిరి బిగబట్టి సెన్సర్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది. లెన్సు బిగించి, తెల్ల గోడకి గురిపెట్టి ఒక ఫొటో తీసి చూసింది.

గోడ మీద మబ్బు పట్టింది. వేలిముద్ర పోయి, దాని స్థానంలో ఫొటోకి అడ్డంగా ఒక పొగ చార వచ్చింది. తడి ఎక్కువైంది.

ఇక ఉన్నది ఒక్క పుల్ల. అప్పుడే ఫోన్ మోగింది.

"వస్తున్నారుగా?" మేనేజరు గొంతు. "కచేరీ మొదలైతే తలుపులు మూసేస్తాం. అడగడమెందుకంటే, వేరే స్టూడియో వాళ్ళు కూడా ఖాళీగానే ఉన్నామంటున్నారు."

"బయల్దేరడానికి సర్దుకుంటున్నానండీ," అంది కోడలు, వాడిన పుల్లని వేళ్ళ మధ్య తిప్పుతూ.

ఫోన్ పెట్టేసరికి ముందు గదిలోంచి అత్తగారి కేక వినిపించింది. "ఏమండీ, లైసెన్సు ఫొటో కోసం ఒకాయన వచ్చారు."

వచ్చినతను టాక్సీ డ్రైవరు. మామగారు అతన్ని తెల్ల తెర ముందు కూర్చోబెట్టారు. తలుపు ఓరగా తీసి ఉంది. కోడలు కూర్చున్న చోటికి మామగారి వీపు, భుజాలు కనిపిస్తున్నాయి.

ఠప్.

మామగారు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, వెంటనే తీసేశారు. గొంతు సవరించుకున్నారు. "లైటు సర్దుతున్నానండీ. కాసేపు కళ్ళు మూసుకోండి, ఫొటోలో కళ్ళు తేటగా వస్తాయి."

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. మామగారు లైటు జోలికి పోలేదు. తెర వైపు వీపు తిప్పి, గిరుక్కున లెన్సు విప్పి, ఎడమ బొటనవేలు కెమెరాలోకి పోనిచ్చి, పై నుంచి కిందికి ఒక్క లాగు లాగారు. లోపల ఏదో టిక్కుమంది. లెన్సు మళ్ళీ బిగిసిపోయింది. ఇదంతా జేబుదొంగ కూడా దణ్ణం పెట్టేంత చురుగ్గా జరిగిపోయింది.

"ఆఁ, తెరవండి. గడ్డం కొంచెం పైకి."

కోడలి చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది.

ఫొటో తీసినప్పుడల్లా పైకి లేచి దిగాల్సిన పెద్దదాని అద్దం పైనే ఇరుక్కుపోతోంది. అద్దం పైనే ఉండిపోతే వ్యూఫైండర్ నల్లబడుతుంది. మామగారు దాన్ని వేలితో కిందికి లాగుతున్నారు. ఎన్నాళ్ళ నుంచో గానీ, వేలికి బాగా అలవాటైంది. చిన్నదాని వ్యూఫైండర్ కూడా నల్లబడుతుంది. కాసేపు ముట్టుకోకపోతే బ్యాటరీ మిగుల్చుకోవడానికి అదే నిద్రపోతుంది, మీట తాకితే లేస్తుంది. ఆ సంగతి తెలియని మనిషి చేతిలో అది నల్లబడితే?

ముద్ర పై నుంచి కిందికి సాగి ఉండటానికి కారణం దొరికింది.

కానీ అందుకు ఆనందపడటానికి తీరిక లేదు. కోడలు రెండో పుల్ల తీసుకుంది. ద్రవం అద్ది, ఈసారి తొందరపడకుండా తడి కాస్త ఆరనిచ్చింది. మొదట పెట్టినంత బలం పెట్టకుండా, ఒక్క ఒరవడిలో ఆ కొస నుంచి ఈ కొసకి లాగింది. లెన్సు బిగించింది. గోడని ఫొటో తీసి, పెద్దది చేసి, మూలమూలా వెతికింది.

మబ్బు లేదు. చార లేదు. సున్నం పెచ్చు ఊడిన చోటు మాత్రం ఉన్నదున్నట్టు కనిపించింది.

ఆమె ఊపిరి వదిలి, కెమెరా నిద్రపోయేదాకా ఆగి, దాన్ని పట్టుకుని మధ్య గదిలోకి వెళ్ళింది. డ్రైవరు వెళ్ళిపోయాడు. మామగారు లైట్లు ఆర్పుతున్నారు.

"మామయ్యగారూ, శుభ్రమైంది. ఒక్కసారి ఇందులోంచి నన్ను చూడండి. మీరు చూస్తే నాకు ధైర్యం."

"దీంతో నాకేం పని," అంటూనే ఆయన తీసుకున్నారు. కన్ను పెట్టారు. నల్లగా ఉంది.

ఆయన వేలు దానంతటదే కదిలింది. లెన్సు విప్పాలంటే ముందు ఒక మీట నొక్కాలి. పెద్దదానికి ఆ మీట లెన్సుకి ఒక పక్క ఉంటే, చిన్నదానికి ఇంకో పక్క ఉంటుంది. కొత్తగా పట్టుకున్నవాళ్ళు ఎవరైనా దాని కోసం తడుముకుంటారు. మామగారు తడుముకోలేదు. వేలు సరాసరి వెళ్ళి మీట మీద కూర్చుంది.

అక్కడే ఆగిపోయింది.

"ముట్టుకోని కెమెరాలో మీట ఎక్కడుందో భలే తెలిసిందే," అంది కోడలు.

మామగారు ఆమె మొహంలోకి చూశారు. తర్వాత తలుపు వైపు చూశారు. స్టూలు మీద కూర్చుని, చిన్నదాన్ని జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ తలుపు దగ్గరగా వెయ్యమ్మా. మీ అత్తయ్య వింటుంది," అన్నారు. "నేనే పెట్టాను వేలు. నీ పని చెడగొట్టాలని మాత్రం కాదు, అది నమ్ము. చప్పుడు రాదు, చప్పుడు రాదు అని నువ్వు ఒకటే ఊదరగొడుతున్నావు. నిజమో కాదో నా అంతట నేను తేల్చుకుందామని ఓ పొద్దున తీశాను. మీ అత్తయ్య కిటికీ దగ్గర పేపరు చదువుకుంటోంది. ఎదురుగా నిలబడి నొక్కాను. ఏమీ వినపడలేదు. పాడైందనుకుని మళ్ళీ నొక్కాను. ఆవిడ పేజీ తిప్పింది గానీ తలెత్తలేదు. చూస్తే ఫొటో పడి ఉంది.

"పెళ్ళైన దగ్గర్నుంచి మీ అత్తయ్యని లెక్కలేనన్ని ఫొటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ మీ అత్తయ్య లేదు. నేను కెమెరా ఎత్తితే చాలు, పెదాలు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని, ఎవరో జరిమానా వేసినట్టు నిలబడుతుంది. పోనీ చూడకుండా తీద్దామంటే, మొదటి ఠప్పుకే తెలిసిపోతుంది. ఊళ్ళో వాళ్ళందర్నీ నవ్వించి తీసినవాణ్ణి, ఇంట్లో మనిషిని మనిషిలా తీయలేకపోయాను. ఈ ఫొటోలో ఆవిడ పేపర్లో ఏదో చదివి తనలో తనే నవ్వుకుంటోంది. మూతి ఒక పక్కకి వంకరపోయింది. ఆ నవ్వు నేను రోజూ చూసేదే. ఫొటోలో చూడటం మాత్రం అదే మొదలు.

"ఇక ఆగలేకపోయాను. నా మెమరీ కార్డు వేసుకుని, ఫొటోలు తీసి, మళ్ళీ నీ కార్డు పెట్టేసేవాణ్ణి. నిన్న పొద్దున ఉన్నట్టుండి నల్లబడింది. నా వేలికేం తెలుసు? పెద్దదానికి చేసినట్టే చేసేసింది. అద్దం తగలాల్సిన చోట చల్లగా ఇంకేదో తగిలింది. గబగబా లెన్సు బిగించేశాను. నీకు చెబుదామనే అనుకున్నాను. చెబితే ఎందుకు విప్పారంటావు. పెద్దదాని అద్దం సంగతి బయటపడుతుంది. దాన్ని అటకెక్కిస్తారు. దాంతో పాటు నన్నూ ఎక్కిస్తారేమోనని నోరు మూసుకున్నాను. తువ్వాలు అన్నది కూడా అందుకే. నా తెలివితక్కువకి నువ్వు చేతులు ముడుచుకుని కూర్చోకూడదని. అది పనికిరాదని నాకూ తెలుసు.

"నువ్వు బయల్దేరు. హాల్లో ఎడమవైపు, రెండో స్తంభానికి ఆనుకుని నిలబడు. వాయించేవాళ్ళ చేతులు, మొహం రెండూ ఒకేసారి కనిపించేది అక్కడి నుంచే. ఇన్నాళ్ళూ నా చోటు అది, ఎవరికీ చెప్పలేదు. ఆ మేనేజరు ముందు వరసలోకి రమ్మంటాడు, వెళ్ళకు. ఇంకొక్క మాట. మీ అత్తయ్య ఫొటోలు కావాలంటే నీకు చూపిస్తాను గానీ, తనకి మాత్రం చెప్పకమ్మా. తెలిసిందంటే, రేపట్నుంచి పేపరు చదివేటప్పుడు కూడా పెదాలు బిగించుకుని కూర్చుంటుంది."