రెప్ప వేయండి

"రెప్ప వేయండి" అంది ఫోను.

గాభరమ్మ వేసింది. పొద్దున ఆరున్నర నుంచి ఫినాయిలు ఘాటుకు మండుతున్న కళ్ళు అవి. మూస్తే మళ్ళీ తెరుచుకోవడానికి కాసేపు మొరాయించాయి. తెరుచుకునేసరికి తెర మీద గుండ్రటి గీత లేదు, గీతలో ఉండాల్సిన తన మొహం లేదు. నల్లటి గాజు మాత్రం మిగిలింది. ర్యాంపు మీది ట్యూబులైటు అందులో వంకరగా కనిపిస్తోంది.

"అయ్యో, మళ్ళీ పోయింది! ఇప్పుడేగా చార్జింగు నలభై రెండు చూపించింది!"

పక్కనున్న మీట ఒత్తి పట్టుకుంది. ఫోను ఒకసారి వణికింది, వెలుగు చూపించింది, ఆరిపోయింది. మళ్ళీ ఒత్తింది. ఈసారి వణుకు కూడా లేదు.

ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగు అది. అందులోని బాత్రూములన్నీ కడిగే పదకొండు మంది ఆడవాళ్ళు సాయంత్రం నాలుగింటికి వెనక గేటు దగ్గరి ర్యాంపు మీదికి వస్తారు. కింద సెల్లారులో సిగ్నలు అందదు. పొద్దున ఏడులోపు ఒకసారి, సాయంత్రం నాలుగు నుంచి నాలుగుంబావు లోపల ఒకసారి, ఎవరి ఫోనులో వాళ్ళు మొహం చూపించి హాజరు వేసుకోవాలి. ఒకరి ఫోనులో ఇంకొకరి మొహం పడదు. చూపించింది పాత ఫొటో కాదు, ప్రాణమున్న మనిషేనని నమ్మకం కలగడానికి రెప్ప వేయమంటుంది. వేస్తే పచ్చ టిక్కు పడుతుంది. సాయంత్రం టిక్కు పడకపోతే పొద్దున పడిందీ పోతుంది. ఆ రోజుకు సున్నా. రోజు కూలి నాలుగు వందల ఎనభై. నెలలో మూడు సున్నాలు పడితే గేటు పాసు లాగేసుకుంటారు.

ఈ నెలలో గాభరమ్మకు ఒక సున్నా అప్పటికే పడింది. ఇది రెండోది.

"నాలుగుంబావు అయిపోయిందమ్మా" అన్నాడు సూపర్‌వైజరు, తన ఫోనులోంచి తల ఎత్తకుండానే. ఇరవై ఆరేళ్ళు దాటని కుర్రాడు. నోరు తెరిస్తే టిక్కు మాటే కాబట్టి ఆడవాళ్ళు అతని పేరు మరిచిపోయి టిక్కు అనే పిలుచుకుంటారు, చాటుగా.

"బాబూ, నువ్వు చూస్తూనే ఉన్నావు కదా! పొద్దున నాలుగో అంతస్తులో నాతో మాట్లాడావు కూడా."

"నేను చూస్తే లాభం లేదమ్మా. ఇది చూడాలి. టిక్కు పడకపోతే నువ్వు రానట్టే."

"మరి ఆ బాత్రూములన్నీ కడిగిందెవరు, దయ్యమా?" అంది పెద్దక్క వెనకనుంచి. మోకాళ్ళ నొప్పులున్నా నోటికి మాత్రం ఏ నొప్పీ లేని మనిషి. "దయ్యానికైనా సగం కూలి ఇవ్వకూడదూ?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. టిక్కు నవ్వలేదు. "అందుకే చెప్తున్నా, కొత్త ఫోను తీసుకోమని. ఎనిమిదిన్నర వేలు. నెలకింత అని జీతంలో కోసుకుంటాం. పెద్దక్క తీసుకుంది, ఇంకో నలుగురు తీసుకున్నారు. నీ పాత బండ ఎన్నాళ్ళు మోస్తావు? లేదంటే పగలంతా ఆపేసి పెట్టుకో. సాయంత్రానికి చార్జింగు మిగులుతుంది."

ఆపేసి పెట్టుకోవడమా! గాభరమ్మకు తొమ్మిదో తరగతి చదివే కూతురుంది, ఆ పిల్లకు ఉబ్బసం. బడి వాళ్ళ దగ్గరున్నది ఈ ఒక్క నంబరే. పిల్లకు ఆయాసం వచ్చి, మందు పీల్చే ఇన్‌హేలరు సంచిలో అడుగున ఎక్కడో పడిపోయి, టీచరు ఫోను చేసి, 'మీరు పిలిచిన నంబరు అందుబాటులో లేదు' అని ఆ గొంతు చెప్తుంటే... అక్కడితో ఆగే ఊహలు కావు ఆమెవి. ఆసుపత్రి మంచం దాకా, ఆ తర్వాత జరిగేదాని దాకా వెళ్ళివస్తాయి. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బోల్తా పడిందనుకునే మనిషి. ఊరికే వచ్చిందా ఆ పేరు?

---

ఫోన్లు బాగుచేసే కొట్టు మెట్ల కింద బీరువా అంత ఉంటుంది. కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకున్న ఒకామె అందులో కూర్చుంటుంది. గాభరమ్మ చెప్పిందంతా వినకుండానే ఫోను వెనక డొప్ప విప్పింది.

"రామ రామ! దీన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా తల్లీ?"

బ్యాటరీ కప్ప పొట్టలా ఉబ్బి ఉంది. కొట్టామె ప్లాస్టిక్కు పుల్లతో నెమ్మదిగా లేపి, ఇసక పోసిన డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఎప్పుడెప్పుడు ఆగిపోతోంది?"

"ఎప్పుడైనా. నలభై చూపిస్తూ కూడా."

"కాదు, బాగా గుర్తు చేసుకో. మాట్లాడుతున్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడా?"

గాభరమ్మ ఆలోచించింది. "హాజరు వేసేటప్పుడే ఎక్కువ."

"మరి చెప్పవేం! కెమెరా తెరిచి, నువ్వెక్కడున్నావో వెతికించి, తెర దివిటీలా వెలిగించి, అన్నీ ఒక్కసారే అడుగుతోంది ఆ యాపు. పాత బ్యాటరీ ముసలాయన లాంటిది. మంచం మీద కూర్చున్నంతసేపు అన్నీ కబుర్లే. బస్తా ఎత్తమంటే కూలబడతాడు. నలభై, యాభై అని అది చెప్పేదంతా మంచం మీది కబుర్లు." భూతద్దం పైకెత్తి గాభరమ్మ మొహంలోకి చూసింది. "సరే గానీ, రాత్రి చార్జింగు ఎలా పెడతావు?"

గాభరమ్మ ఇబ్బందిగా కదిలింది. "పడుకునేటప్పుడు పెట్టేసి... తెల్లవారే దాకా."

"ఎక్కడ?"

"దిండు కింద. చల్లగాలికి చార్జింగు దిగిపోతుందని ఎవరో అన్నారు. పిల్ల పాత స్వెట్టరు చుట్టి..."

కొట్టామె నవ్వాపుకోలేకపోయింది. "అమ్మవనిపించుకున్నావు! రాత్రంతా నోట్లో ముద్దలు కుక్కుతూ, పైన స్వెట్టరు తొడిగి, దిండు కింద దాచావా? మరి ఉబ్బిపోక ఏమవుతుంది?"

గాభరమ్మకు నవ్వు రాలేదు. ఏడాదిగా పిల్ల తల పక్కనే పెట్టుకుని పడుకుంది ఆ పొట్టను. అగ్గి అంటుకుని ఉంటే? ఏ ప్రమాదం రాకూడదని రాత్రంతా కాపలా కాసిందో, ఆ ప్రమాదాన్ని తన చేత్తో తనే పెంచింది.

"ఈ మోడలు బ్యాటరీ తెప్పించాలి. తొమ్మిది వందలు, ఐదు రోజులు పడుతుంది" అంది కొట్టామె. "అందాకా ఇది వేస్తాను, పాతదే కానీ ఉబ్బలేదు. దీనికి డబ్బులొద్దు. ఇదీ ముసలాయనే, గుర్తుంచుకో. హాజరు వేసేటప్పుడు మాత్రం వైరు తగిలించి ఉంచు. వైరు ఉంటే ఆగదు. రాత్రి ఒక గంట పెట్టి తీసెయ్యి. గట్టు మీద, గాలి తగిలేలా. స్వెట్టరు లేకుండా."

---

వెనక గేటు గదిలో ఒక ప్లగ్గు ఉంది. వాచ్‌మన్ గేటు అన్న దాన్ని తన రేడియోకు వాడుకుంటాడు. "దానికేముంది చెల్లీ, పెట్టుకో" అన్నాడాయన. గది కిటికీలోంచి వైరు బయటికి లాగి, గోడకు ఆనుకుని గాభరమ్మ రెప్ప వేసింది. పచ్చ టిక్కు పడింది. సోమవారం పడింది, మంగళవారం పడింది. బుధవారానికి ఆ కిటికీ దగ్గర నలుగురు చేరారు. అందరివీ ముసలాయనలే. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు తమ ఫోనుకే ఏదో దోషం ఉందనుకుని, మాట బయటికి రానివ్వకుండా సున్నాలు మింగారు.

"అదేంటే, నీదీ ఆగిపోతుందా? మరి చెప్పవేం?"

"ఏం చెప్పను? పని చేయని ఫోను పెట్టుకుందని పనిలోంచి తీసేస్తారేమోనని."

"టిక్కు దగ్గర కొత్త ఫోను కొందామనుకున్నా" అంది ఇంకొకామె. "ఇక అక్కర్లేదులే. తొమ్మిది వందలతో పోతుందిగా."

ఆ మాట అనేటప్పుడు టిక్కు ర్యాంపు మీదే ఉన్నాడు.

గురువారం పొద్దున వచ్చేసరికి ప్లగ్గు మీద ఎర్ర టేపు అడ్డదిడ్డంగా అంటించి ఉంది. పైన కాగితం: కంపెనీ కరెంటు సొంత పనులకు వాడరాదు. గేటు అన్న రేడియో బల్ల మీద మూగగా కూర్చుంది.

"నేనేం చేసేది చెల్లీ" అన్నాడాయన తల దించుకుని. "నాదీ ఉద్యోగమే కదా."

కొత్త బ్యాటరీ రేపటికి గానీ రాదు. పొద్దుటి టిక్కు ఎలాగో పడింది. సాయంత్రం ఏం చేయాలన్న ఆలోచనతోనే గాభరమ్మ మూడంతస్తులు కడిగింది. ఒకటిన్నరకు నాలుగో అంతస్తులో వాష్‌బేసిను తుడుస్తుంటే జేబులో ఫోను మోగింది. తడి చేతులు యూనిఫాం కోటుకు తుడుచుకుని తీసింది. బడి నంబరు. పచ్చ గుండ్రం మీద వేలు పెట్టింది. తెర నల్లబడింది.

చేతిలోని గుడ్డ ఎక్కడ పడేసిందో తెలియదు. నాలుగంతస్తుల మెట్లు ఎలా దిగిందో తెలియదు. దిగుతున్నంతసేపూ అంతా కళ్ళకు కట్టింది. బడి నేల మీద పడున్న పిల్ల, నీలబడ్డ పెదాలు, చుట్టూ మూగిన పిల్లలు, టీచరు చేతిలో మోగి మోగి ఆగిపోయిన ఫోను. రెండో అంతస్తు దగ్గరే ఏడుపు వచ్చేసింది. గేటు గదికి వచ్చి, చెయ్యి చాపింది. గేటు అన్న ఏమీ అడగకుండా తన ఫోను ఇచ్చాడు. నంబరు ఆమెకు తన చేతి గీతల్లా తెలుసు. అయినా రెండుసార్లు తప్పు నొక్కింది.

"అమ్మా, మా పిల్ల... మా పిల్లకి..."

"ఆ, మీరేనా? ఏంటండీ, ఫోను కట్ చేసేశారు? పరీక్ష ఫారానికి మీ అమ్మాయి ఫొటో ఇవ్వలేదు. రేపు రెండు ఫొటోలు పంపండి. ఆఖరు తేదీ."

"ఫొటోనా?"

"అవునండీ, ఫొటో. పాస్‌పోర్టు సైజు."

"పిల్ల... బాగుందా?"

"నిక్షేపంలా ఉంది. ఇదిగో, ఎదురుగానే కూర్చుని పక్కపిల్లతో కబుర్లు చెప్తోంది. ఏం, ఏమైంది?"

ఏమీ కాలేదని చెప్పి గాభరమ్మ గది మెట్టు మీద కూలబడింది. గేటు అన్న నీళ్ళ సీసా అందించాడు. తాగింది. అప్పుడు లోపల ఏదో ఖాళీ అయినట్టనిపించింది, కడవ బోర్లించాక అడుగున ఇక చుక్క లేనట్టు. ఆ రోజుకు భయపడాల్సిందంతా ఆ మెట్ల మీదే భయపడేసింది. సాయంత్రానికేమీ మిగల్లేదు.

---

నాలుగయింది. ర్యాంపు మీద టిక్కు చేతిలో కొత్త ఫోను పెట్టె ఉంది. పైన పలచటి ప్లాస్టిక్కు కాగితం మెరుస్తోంది.

"మధ్యాహ్నం అంతస్తు వదిలి కిందికి పరిగెత్తావట. అది నేను రాయడం లేదులే" అన్నాడు దయగా. "సంతకం పెట్టు. సిమ్ము ఇందులో వేస్తే రెండు నిమిషాల్లో టిక్కు పడుతుంది. లేదంటే ఇవాళ్టితో మూడో సున్నా. రేపు గేటు దగ్గర నిన్ను ఆపమని నా నోటితో చెప్పించకు."

గాభరమ్మ పెట్టె వైపు చూసింది. దాని మీద ఉంచిన ఒప్పంద పత్రంలో, సంతకం పెట్టాల్సిన గీత దగ్గర అతని వేలు ఉంది. గోరు శుభ్రంగా ఉంది.

"ఆ ప్లగ్గు మీది టేపు తీస్తే చాలు బాబూ."

"అది కుదరదు."

"అయితే ఇదీ కుదరదు."

అన్నది తనేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. గొంతు పెద్దది కూడా కాలేదు. చేతిలోని పాత ఫోను జేబులో వేసుకుంది. రెండడుగులు ముందుకు వేసి, అతని ఎదురుగా, మొహం మీద మొహం పెట్టినంత దగ్గరగా నిలబడింది.

"ఏంటమ్మా ఇది?"

"నా మొహం. ఇదిగో. పొద్దున ఆరున్నరకు వచ్చాను, ఆరంతస్తులు కడిగాను. నిన్నూ మొన్నా ఇదే మొహం. నీకేం కావాలి, ప్రాణమున్న మనిషినో కాదో తెలియాలి, అంతేగా? చూడు." రెప్ప వేసింది. తెరిచింది. "పడిందా? రాసుకో."

"రాసుకోవడానికి ఇక్కడ పుస్తకం ఎక్కడుంది? అంతా యాపులోనే..."

"అది నాకు తెలియదు. నేను వచ్చాను. రాసుకో."

ఎవరూ నవ్వలేదు. పెద్దక్క తన కొత్త ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది, గుండ్రటి గీతలో తన మొహం నిండుగా పడింది. ఇంకా ఏడు నెలల కోత బాకీ ఉన్న ఫోను. 'రెప్ప వేయండి' అంది అది. పెద్దక్క దాన్ని దించి కోటు జేబులో పడేసుకుంది. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గాభరమ్మ పక్కన నిలబడి, టిక్కు వైపే చూస్తూ మెల్లగా రెప్ప వేసింది.

"నాదీ రాసుకో నాయనా."

జేబులోంచి ఫోను ఇంకా అడుగుతూనే ఉంది. రెప్ప వేయండి. రెప్ప వేయండి.

నాలుగూ పన్నెండు. కిటికీ దగ్గర ఇంకొకామె ఫోను దించింది. టిక్కు చొక్కా జేబులు తడుముకున్నాడు. పెన్ను లేదు. అప్పుడు గేటు గది కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. బయటి వాళ్ళు వచ్చినప్పుడు పేర్లు రాసే పాత పుస్తకం గట్టు మీద తెరిచి పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. పుస్తకానికి దారంతో కట్టిన పెన్సిలు గట్టు అంచున వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. గాభరమ్మ దాని వైపు చూడలేదు. రెప్ప వేసింది, తెరిచింది, అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.