పూజగది గుమ్మం

ఉదయం ఆరు గంటలకు ధవళేశ్వరంలోని ఇంట్లో పెంపుడు కుక్క పూజగది గుమ్మం దగ్గర మళ్ళీ ఉచ్చ పోసింది. వెంకటదుర్గ కోడలిని పిలిచింది.

“ఇవాళ దీన్ని బ్యారేజీ అవతల వదిలేసి వస్తాను. వారం నుంచి శుద్ధి చేయలేక చస్తున్నా.”

“దేంతో శుద్ధి చేస్తున్నారండీ?” అని దుర్గాశ్రీ అడిగింది.

“ఆవు పంచితం చల్లుతున్నా. నీ సెంటు చల్లమంటావా ఏంటి?”

“అదీ ఉచ్చే కదండీ అత్తయ్యగారూ. ఆ వాసనకే ఇది మళ్ళీ అక్కడికి వస్తోంది. వదిలేస్తే ఆ పంచితం సీసాని వదిలెయ్యండి.”

“గోవునీ కుక్కనీ ఒకటి చేస్తావా? నోరు కడుక్కో.”

వెంకటదుర్గ కుక్క గొలుసు పట్టుకుని వీధి వైపు నడిచింది. దుర్గాశ్రీ గేటు దగ్గర గొలుసు లాక్కుని, కుక్కను పెరట్లో కట్టేసి, గుమ్మాన్ని సబ్బునీళ్ళతో కడిగింది.

మర్నాడు కుక్కను విప్పేసినా, మూడో రోజుకీ గుమ్మం పొడిగానే ఉంది. వెంకటదుర్గ ఇంకా కోడలితో మాట్లాడలేదు.