సిరిమానెక్కిన బాంబరు జగ్గారావు

ఖరగ్‌పూర్‌లో మన తెలుగు రైల్వే వాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో జగ్గారావు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. బాంబరు జగ్గారావు ఇల్లు అంటే మాత్రం చేతిలో పని వదిలేసి గుమ్మం దాకా దిగబెడతారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. వ్యాగన్ల మీద నంబర్లు వెయ్యడం ఉద్యోగం. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఒళ్లు మండుకొస్తుంది. యుద్ధం అయిపోయి పదేళ్లు దాటినా ఆయన మాత్రం ఇంకా విమానం దిగలేదు మరి!

ఆ యుద్ధంలో అమెరికా వాళ్లు సలువాలో, ఖరగ్‌పూర్ చుట్టుపక్కల మరికొన్ని చోట్లా ఏనుగుల్లాంటి బాంబర్లను దింపారు. అవి ఇక్కణ్ణుంచి లేచి రంగూన్ మీదా, సింగపూర్ మీదా బాంబులు వేసి వచ్చేవి. హిమాలయాలు దాటి చైనాలో దిగి, అక్కణ్ణుంచి జపాన్ మీదికి కూడా పోయేవి. వర్క్‌షాపు నుంచి కొందరిని అక్కడ పనికి పంపారు. వాళ్లలో జగ్గారావు ఒకడు. ఇంతవరకూ అబద్ధం ఒక్కటీ లేదు. ఆపైదంతా ఆయన సొంత తయారీ.

"తోకలో తుపాకీ కాడ కూకుండీవోణ్ణి. కిందకి సూస్తే హిమాలయాలు, పిండి ఆరబోసినట్టు. జపానోడి ఇమానం ఎనకాలొచ్చిందా, ఒకటే దెబ్బ!" అనేవాడు. టీకొట్టు ముందు బల్ల ఆయన కోసం ఖాళీ అయ్యేది. బెంగాలీ కొట్టువాడు కూడా "ఆవో బాంబర్ దాదా" అంటూ మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చేవాడు.

నిజానికి ఆయన చేసిన పని ఇది. విమానం బాంబులు వేసి తిరిగొచ్చిందంటే దాని ముక్కు మీద ఒక బాంబు బొమ్మ వెయ్యాలి. పెట్రోలు మోసుకుని కొండలు దాటొచ్చిందంటే ఒంటె బొమ్మ వెయ్యాలి. చైనా నుంచి ఒక్కసారి బాంబులు వెయ్యాలంటే ముందు పెట్రోలు బోలెడన్నిసార్లు మోసుకెళ్లి అక్కడ దాచుకోవాలట. అంత తెలివైన యుద్ధం అది! బాంబులకంటే ఒంటెలే ఎక్కువ వేశాడు జగ్గారావు. ఆయన ఎక్కిన ఎత్తల్లా పెయింటు నిచ్చెన, అదీ పైమెట్టు దాకా కాదు. ఎత్తంటే ఆయనకి కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి తెలిసింది భార్య అప్పలనర్సమ్మకి ఒక్కదానికే. ఎందుకంటే వానాకాలం ముందు కప్పెక్కి పెంకులు సర్దేది ఆవిడే.

పక్కింటి చిట్టెమ్మ అన్న రంగూన్‌లో కూలికెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఒకరోజు ఆవిడ వచ్చి, "మావా, మా అన్న ఇంటి మీద గాని ఎయ్యలేదు గదా?" అని అడిగింది. ఎవడైనా అక్కడితో సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. జగ్గారావు మీసం సవరించుకుని, "తెలుగోళ్ల ఈది మీద మనమెందుకేస్తామే? సూసి పక్కకేసినాం" అన్నాడు. ఆ పిచ్చితల్లి కళ్లు తుడుచుకుని వెళ్లింది. ఆనాటి నుంచి ఆవిడ ఇంట్లో చేప వండితే మొదటి ముక్క ఈ మహావీరుడికే.

ఇలా సాగుతుండగా పైడితల్లమ్మ పండక్కి విజయనగరంలో లాగా మనమూ సిరిమాను కట్టాలని పండగ కమిటీ వాళ్లకి బుద్ధి పుట్టింది. పొడవాటి మాను బండి మీద నిలబెట్టి, చిటారు కొసన పీట బిగించి, పూజారిని దానిమీద కూచోబెట్టి ఆకాశంలోకి లేపుతారు. ఆయనే అమ్మవారని జనం అరటిపళ్లు విసురుతారు. కమిటీ ప్రెసిడెంటు గోల్‌బజార్ బట్టల కొట్టు చెన్నకేశవరావు. గుంటూరు వైపు మనిషి, సిరిమాను ఎన్నడూ చూసినవాడు కాడు, అందుకే అందరికంటే ఎక్కువ ఉత్సాహం. తీరా మాను వచ్చాక పూజారి గోవిందరావు దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి చూసి, తనకి మోకాళ్ల నొప్పులున్నాయని కనిపెట్టాడు.

"మన జగ్గారావు గారుండగా చింతేమిటండీ!" అన్నాడు చెన్నకేశవరావు.

"ఇమాలయాలు దాటినోడికి ఇదో లెక్కేటి!" అని అందరూ అరిచారు.

జగ్గారావు లెక్క వేసుకున్నాడు. కాదంటే టీకొట్టు బల్ల పోతుంది, పేరు ముందున్న బాంబరు పోతుంది. మళ్లీ వ్యాగన్ల మీద నంబర్లేసే జగ్గారావే మిగులుతాడు. "ఎక్కుతాను" అన్నాడు.

ఇంట్లో అప్పలనర్సమ్మ తలుపేసి మరీ తిట్టింది. "నాను ఏ ఇమానమూ ఎక్కనేదు బావూ అని సెప్పీ. నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు. పైనుంచి పడితే ఏటి గతి?"

"నవ్వితే సచ్చిపోతానే" అన్నాడు. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

పండగనాడు ఆయనకి పట్టుబట్ట కట్టి పీటకి తాళ్లతో బిగించారు. అందరూ రైల్వే వాళ్లే కాబట్టి ఏర్పాటు రైల్వే పద్ధతిలోనే జరిగింది. రిటైరైన గార్డు ఎర్రయ్య పచ్చజెండా ఊపితే మాను లేవాలి, ఎర్రజెండా చూపితేనే దిగాలి. పచ్చజెండా ఊగింది, మాను లేచింది. ఇళ్ల కప్పులు కిందికి జారిపోయాయి. "దించండ్రా! నాయనల్లారా, దించండి!" అని కేకలు పెట్టాడు. కింద డప్పుల మోతలో ఎవడికి వినిపిస్తుంది! వినిపించిన ఇద్దరు ముగ్గురు ఎర్రయ్య వైపు చూశారు. ఎర్రయ్య ఎర్రజెండా చంకలోనే ఉంది. పాసింజరు అరిచాడని బండి ఆపిన గార్డు ఎక్కడన్నా ఉన్నాడా? ఈలోగా అరటిపళ్లు వచ్చి మొహానికి తగిలాయి.

కళ్లు గట్టిగా మూసుకుంటే, ఎందుకో సలువాలో చూసిన ఒక అమెరికా కుర్రాడు గుర్తొచ్చాడు. నిజంగా విమానం తోకలో తుపాకీ దగ్గర కూచునేవాడు వాడే. ఎక్కేముందు రోజూ చక్రం చాటుకెళ్లి వాంతి చేసుకునేవాడు. ఒకరోజు జగ్గారావు రంగు కలుపుకుని సాయంత్రం దాకా నిలబడ్డా వాడి విమానం రాలేదు. వాడి భయం వాడిది, పేరు మాత్రం తను తీసుకున్నాడు. దొంగముండాకొడుకుని అని తనని తానే తిట్టుకుని, పైడితల్లి కూచోవలసిన పీట మీద కూచుని భోరున ఏడ్చాడు. కిందనున్నవాళ్లు అమ్మవారు పూనిందని దణ్ణాలు పెట్టారు.

చివరికి దింపి తాళ్లు విప్పారు. ఇద్దరు పట్టుకుని మైకు ముందుకి నడిపించారు.

"ఎలా ఉందండీ జగ్గారావు గారూ, పైన?" అన్నాడు చెన్నకేశవరావు. కమిటీ వేసిన పెద్ద దండ అప్పటికే ఈ ప్రెసిడెంటు గారి మెళ్లో ఉంది.

"బయమేసింది" అన్నాడు జగ్గారావు. "సచ్చిపోతాననుకున్నాను బావూ."

వెంటనే చెన్నకేశవరావు మైకు లాక్కున్నాడు. "చూశారా! యుద్ధాలు చేసొచ్చిన మనిషి ఎంత అణకువగా మాట్లాడుతున్నారో! వచ్చే ఏడు దీనికి రెట్టింపు పొడుగు మాను తెప్పిస్తాను. మళ్లీ మీరే ఎక్కాలి. ఏమంటారు?"

ఎదురుగా అప్పలనర్సమ్మ వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. జగ్గారావు ఆవిడని చూశాడు. నోరు తెరుచుకుని తనకేసే చూస్తున్న జనాన్నీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రెట్టింపేనా? సింగపూర్ ముందర అదేపాటి? తెప్పించండి" అన్నాడు.

చప్పట్లు మోగిపోయాయి. చెన్నకేశవరావయితే అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. వచ్చే ఏడు కూడా కిందే నిలబడేది ఆయనే కదా.