ఆ మూడూ పక్కపక్కనే ఉండాలి

వీధిలో అందరూ ఆవిడను అక్షరాలమ్మ అంటారు. ఏదో పెద్ద చదువు వెలగబెట్టిందనుకునేరు! ఇంగ్లీషులో ఒక్క ముక్క చదవడం రాదు. యూనిఫారాల జేబుల మీద, ఆసుపత్రి దుప్పట్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కుట్టడం ఆవిడ పని. ఇరవయ్యారు అక్షరాలూ వేళ్లకు కంఠస్థం. ఏది ఎలా పలుకుతుందో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

భర్తది బస్ స్టేషన్లో మైకు దగ్గర ఉద్యోగం. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చెప్పే గొంతు ఆయనదే. కొన్ని నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తిరిగి స్వాధీనమయ్యాయి, మాట కూడా వచ్చింది. కానీ ఎస్, టీ, ఆర్ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చే మాట తగిలితే చాలు, నాలుక మొండికేస్తోంది. ఖర్మ కాకపోతే, సగం బస్సులు అలాంటి పేర్లున్న చోట్లకే పోతాయి.

మేనేజర్ నెల గడువిచ్చాడు. "గడువయ్యాక ఓ పూట మైకు ముందు కూచోండి. మూడు బస్సులు చెప్పండి. 'ఏమన్నాడండీ?' అంటూ ఒక్క ప్యాసింజర్ ఎంక్వైరీ కిటికీ దగ్గరికొచ్చినా మిమ్మల్ని సామాన్ల గదికి మార్చేస్తా. ఏమీ అనుకోకండి" అన్నాడు. సామాన్ల గదిలో గొంతుతో పనేముంది? ఆయన ఆ రోజు భోజనం ముట్టలేదు.

ఆయనకు మాట నేర్పే డాక్టరమ్మ వయసులో చిన్నపిల్ల. కాగితం మీద మూడక్షరాలు రాసి అక్షరాలమ్మ చేతికిచ్చింది. "ఆంటీ, ఈ మూడూ ఇదే వరసలో పక్కపక్కనే ఉన్న మాటలు ఎన్ని దొరికితే అన్ని పట్టుకురండి. రోజూ అంకుల్‌తో పలికిద్దాం."

"పక్కపక్కనే కదా? నాకొదిలెయ్ అమ్మా" అంది అక్షరాలమ్మ.

ఇక చూసుకోండి. ఆ వారమంతా ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లిన ప్రతి వీధిలోనూ బోర్డుల ముందు తలెత్తుకుని నిలబడేది. మెలికల అక్షరం, దాని పక్కన రెండు గీతల అక్షరం, ఆ పక్కన కాలు చాపిన అక్షరం. మూడూ వరసగా కనిపిస్తే మాట మొత్తం దించుకునేది. "ఏం రాస్తున్నావు? ఎవరు పంపారు?" అని ఒక గేటు కాపలాదారు గద్దిస్తే, "మా ఆయన నాలుక పంపింది" అని జవాబిచ్చి, చివరి గీత పూర్తయ్యాకే కదిలింది.

ఆ జాబితా చూసి డాక్టరమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. స్ట్రిక్ట్‌లీ, రెస్ట్రిక్టెడ్, అబ్‌స్ట్రక్ట్, రిజిస్ట్రేషన్, కన్‌స్ట్రక్షన్, అడ్మినిస్ట్రేషన్... "ఆంటీ! ఇవన్నీ లోపలికి రాకు, బండి పెట్టకు, అడ్డం నిలబడకు అనే బోర్డులు, కాకపోతే ఆఫీసుల బోర్డులే! స్ట్రా, స్ట్రింగ్ లాంటి బుల్లి మాటలు ఒక్కటీ లేవేం? ఇంట్లో డబ్బాల మీద, పుస్తకాల్లో బోలెడుంటాయిగా?"

అప్పుడు తేలింది అసలు సంగతి. డబ్బాల మీదా పుస్తకాల్లోనూ ఎక్కువగా ఉండేవి చిన్న ఏబీసీడీలు. అక్షరాలమ్మ జన్మలో కుట్టినవన్నీ పెద్ద ఏబీసీడీలు. ఆ అక్షరాలకే ఇంకో రూపం ఉంటుందని ఆవిడకు తెలియదు. అదేదో వేరే భాష కాబోలనుకుని వదిలేసింది.

సిగ్గుతో ఆవిడ తల దించుకుంది. "ఆ చిన్నవి కూడా నేర్పు అమ్మా. మళ్లీ మొదట్నుంచి వెతుకుతా."

ఆయన చటుక్కున జాబితా అందుకున్నాడు. "ఉండనీ. కష్టమైనవే వచ్చేస్తే... తేలికవి ఎక్కడికి పోతాయి?"

నలభై మూడు మాటలు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. ఆవిడ కుట్టుపని చేసుకుంటూనే ఒక్కో మాట మీదా వేలు పెట్టేది, ఆయన పలికేవాడు. అడ్మినిస్ట్రేషన్ దగ్గరికొచ్చేసరికి చెమటలు పట్టేవి. "రాదే, ఇక రాదు. సామాన్ల గదికే పోతా" అని కాగితం విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి. ఆవిడ దాన్ని తెచ్చి మళ్లీ ముందు పెట్టేది. "కాళ్లరిగేలా తిరిగి తెచ్చాను. ఊరికే పోనిస్తానా? కానివ్వండి." పైకి కోపంగానే అనేది. లోపల మాత్రం భయమే.

పరీక్ష రోజు ఆవిడ వెళ్లి ప్రయాణికుల బెంచీ మీద కూర్చుంది. మొదటి బస్సు గండం గడిచింది. రెండోదీ గడిచింది. మూడోది ఇండస్ట్రియల్ ఎస్టేట్ బస్సు.

"ఇండ..." అని మైకు ఆగిపోయింది. "ఇండ..." మళ్లీ ఆగింది.

పక్కనే మూటతో ఉన్న పెద్దాయన "ఏమంటున్నాడమ్మా?" అని అక్షరాలమ్మను అడిగాడు. ఆ బస్సు రోజూ ఏడో ప్లాట్‌ఫారం మీదకే వస్తుందని ఆవిడకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఈ పెద్దాయన కిటికీ దగ్గరికి పోడు, భర్త ఉద్యోగం నిలుస్తుంది. కానీ అప్పుడు గెలిచేది తను, తన భర్త కాదు. ఆవిడ పళ్ల బిగువున ఊరుకుంది.

పెద్దాయన మూట ఎత్తుకుని ఎంక్వైరీ కిటికీ వైపు నడిచాడు. కిటికీ వెనక మేనేజర్ పెన్ను మూత తీశాడు.

"ఆగండి!" అంది మైకు. స్టేషన్ మొత్తం ఉలిక్కిపడింది. "ఎవరూ కంగారు పడకండి. నేను చెప్తాను." గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. "ఇం... డ... స్ట్రి... యల్ ఎస్టేట్ వెళ్లే బస్సు ఏడో ప్లాట్‌ఫారం మీదకు వస్తోంది." వెంటనే, ఎవరూ అడక్కుండానే, ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

పెద్దాయన కిటికీకి రెండడుగుల దూరంలో నిలబడిపోయాడు. తలూపి, మూట భుజం మార్చుకుని ఏడో ప్లాట్‌ఫారం వైపు తిరిగాడు. బెంచీల మీది జనం కూడా లేచి, సంచులు సర్దుకుని ఆయన వెనకే వెళ్లారు. ఏ ఒక్కరూ మైకు గది వైపు తలెత్తి చూడలేదు. ఖాళీ అయిన బెంచీ మీద అక్షరాలమ్మ ఒక్కతే మిగిలి, సంతోషం పట్టలేక భోరున ఏడ్చింది.