డాబా మీద సానిపి

భూమక్క చెయ్యి బకెట్లో ముంచి, మణికట్టు తిప్పి చల్లింది. పేడనీళ్లు గాలిలో విప్పుకుని నేల మీద సమంగా పడ్డాయి. ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ చల్లింది. చల్లిన చోట తన కాలు పడకుండా కుడి నుంచి ఎడమకు వెళ్లడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ముషీరాబాద్ సందులో ఎక్కడో కుళాయి దగ్గర బిందెలు మోగుతున్నాయి.

ఆమెది ఎల్లారెడ్డి పక్క పల్లె. అక్కడ ఏ ఇంట్లో పెళ్లి అనుకున్నా ముందు భూమక్కకు కబురు వెళుతుంది. గోడలకు ఎర్రమట్టి పూయాలి, నేల అలకాలి, అరుగులు సరిచేయాలి. మట్టితో రాసి రాసి ఆమె అరచేతులు గులకరాళ్లలా నునుపెక్కాయి. గోళ్లు సగానికి అరిగాయి. కుడి భుజం ఎడమ దానికన్నా కిందికి జారింది. భర్త పోయి పదకొండేళ్లయినా ఆ చేతుల వల్లే ఆమె ఎవరి ముందూ నిలబడి అడగాల్సిన అవసరం రాలేదు.

హైదరాబాదుకు వచ్చి రెండు రోజులైంది. కూతురు గౌరవ్వకు ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి, అందుకే తీసుకుపోవడానికి వచ్చింది. ఈ మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఇద్దరూ బయలుదేరాలి. ఈ రెండు రోజులూ భూమక్క చేతులకు పని లేదు. డాబా మీది కూతురి గదిలో గచ్చు, మెట్లకు గచ్చు, సందులో బండలు. పల్లెలో కాలు కింద పెడితే ఏ కాలమో తెలుస్తుంది. ఇక్కడ చెప్పులు విప్పినా ఏమీ తెలియడం లేదు. పొద్దున లేవగానే సందు చివర బర్రెల కొట్టం కనిపించింది. గుప్పెడు పేడ తెచ్చుకుంది. వెళ్లేముందు బిడ్డ గడప ముందు సానిపి చల్లితే ఇల్లు చల్లగా ఉంటుందనుకుంది.

సగం బకెట్ అయ్యాక తెలిసింది, ఆ నేల నీళ్లు తాగడం లేదని. పేడనీళ్లు కాసేపు నిలిచి, దారి వెతుక్కుని, డాబా అంచుకు చేరి, అక్కడినుంచి ధారగా కిందికి దిగాయి.

"యా అల్లా!" కింద నుంచి కేక. "వెంకటీ! ఓ వెంకటీ! మీ అత్తకు ఏమన్న అయిందా? జుమ్మా నమాజు బట్టలు ఉతికి ఆరేస్తె పేడ పోస్తదా!"

కింద ఉండేది ఇంటి యజమానురాలు అజ్మత్ బీ. కామారెడ్డిలో సైకిళ్ల దుకాణం నడిపే, వెంకటికి తెలిసిన వహీద్‌కు ఆమె అక్క. అతని మాట మీదనే ఆమె ఈ గది ఇచ్చింది. అల్లుడు వెంకటి తువ్వాలుతోనే బయటికి ఉరికివచ్చాడు. సిమెంటు గోదాములో హమాలీ. ఎంత కడిగినా అతని కనుబొమల్లో తెల్లటి పొడి ఉంటుంది.

"అత్తా, ఇది వాకిలి గాదే! కిందోళ్లకు ఇదే కప్పు!"

"తలుపు ముందట ఉన్నది. వాకిలి గాకుంటే ఏమైతది మరి?"

"నెల నిండంగనే గది ఖాళీ చేయుండ్రి!" కింద నుంచి మళ్లీ కేక వచ్చింది.

భూమక్క బకెట్ పక్కన పెట్టి మెట్లు దిగింది. దండెం మీద రెండు తెల్ల కుర్తాలు, ఒక పైజామా, ఒక పెద్ద దుప్పటి. వాటి మీద పచ్చటి చారలు. అన్నింటినీ లాగి చంకన వేసుకుని కుళాయి దగ్గర కూర్చుంది.

"నేనే పిండి ఆరేస్త బీబమ్మా. తిట్టుడు అయినంక చెప్పుండ్రి, అప్పుడు మాట్లాడుత."

"తిట్టుడా? నేనింక మొదలే వెట్టలే!" అంది అజ్మత్ బీ. కానీ ముక్కాలి పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "జర నిమ్మళంగ. నీ చేతులు చూస్తె రాయిని గూడ చింపేటట్టున్నయి."

"మన్ను చేతులు బీబమ్మా. బట్టకు కొత్త."

అజ్మత్ బీ ఆ చేతులనే చాలాసేపు చూసింది. తరువాత గొంతు తగ్గించి అంది. "నేను పుట్టింది దోమకొండల. మా అమ్మ అలికిన నేల మీద పండుకున్న. ఎండకాలం ఆ సల్లదనం ఈ గచ్చుకు యాడికెళ్లి వస్తది?"

భూమక్క కుర్తా జాడిస్తూ నవ్వింది. "వస్తవా మా ఊరికి? నీకు పండుకోను ఒక అర్ర అలికిస్త. ఇయ్యాలనే పోతున్నం, నేనూ నా బిడ్డా."

"పిల్ల పోనంటుంది గద?"

జాడిస్తున్న చేతులు ఆగిపోయాయి.

"నాకు చెప్పలే."

"నీకెట్ల చెప్తది? నీ ముందట ఆమెకు నోరు లేస్తదా?"

భూమక్క బట్టలన్నీ పిండి దండెం మీద వేసింది. మెట్లెక్కి వెళ్లేసరికి గౌరవ్వ గోడకు ఆనుకుని ఒకే చీరను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది. పక్కన సంచి ఖాళీగా ఉంది.

"పోనంటివట," అంది తల్లి.

గౌరవ్వ తల వంచుకుంది. చీర మడతల్లోకి చూస్తూనే చెప్పింది. "అవ్వ, ఆ రోజు బండ్ల నేను గూడ ఉన్న."

ఆరేళ్ల కింది మాట అది. పెద్దకూతురు విమల తొలి కాన్పు. రెండు రోజులు నొప్పులు పడితే కామారెడ్డికి బండి కట్టారు. ముసురు వాన. దారిలో వాగు నిండుగా పారుతోంది. ఒడ్డున బండి ఆపి, పొద్దు తిరిగేదాకా నీళ్లు తగ్గుతాయని చూశారు. నీళ్లు తగ్గాయి. అప్పటికి విమల లేదు, కడుపులో బిడ్డా లేదు. అప్పుడు పన్నెండేళ్ల గౌరవ్వ అక్క పాదాలు ఒడిలో పెట్టుకుని ఉంది. ఆ రోజు గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. మరునాడు భూమక్క వేరేవాళ్ల ఇంటికి పోయి నేల అలికింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియలేదు.

"మల్ల వానకాలమే ఉన్నది అవ్వ," అంది గౌరవ్వ. "నాకు భయమైతుంది."

భూమక్క ఆకువక్క సంచి తీసింది. ఒక ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో పెట్టుకుంది.

"దవాఖాన ఏడుంది? చూపియ్యి."

ఇద్దరూ బయలుదేరారు. గౌరవ్వ ఒక చెయ్యి నడుము మీద వేసుకుని మెల్లగా నడిచింది. భూమక్క ఆమెకన్నా మెల్లగా నడిచింది. నొప్పులు పడే మనిషి ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా. సందు దాటారు, పాల దుకాణం దాటారు, పెద్ద రోడ్డు మీద రిక్షాలు పోయేదాకా ఆగారు. ఇనుప గేటు ముందు గౌరవ్వ నిలబడింది.

"ఇదే."

"ఇదేనా?" భూమక్క బుగ్గలో ఆకును నాలుకతో తడిమి చూసుకుంది. "ఇంకా సగమన్న నమలలేదు గదనే!"

గేటు ముందు ఒక రిక్షా ఆగింది. అందులోంచి ఒకామెను దింపారు. లోపలినుంచి ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. పట్టపగలు కూడా లోపల దీపాలు వెలుగుతున్నాయి. భూమక్క ఆ తలుపు వైపు చాలాసేపు చూసింది. ఆమె కళ్ల ముందు వాగు లేదు. రోడ్డు ఉంది, పొడిగా.

"ఈడనే కానీయి," అంది చివరికి.

గౌరవ్వ తల్లి చెయ్యి పట్టుకుంది.

తిరిగి వస్తుండగా సందు మలుపులో ఎవరో కొత్త ఇంటికి పునాది తవ్వుతున్నారు. భూమక్క ఆగి గుంటలోకి తొంగిచూసింది. పైన సున్నపు రాళ్లు, పెంకులు. నడుము లోతుకు వెళ్లాక ఎర్రటి మట్టి. ఒక గడ్డ తీసి నలిపింది, ఉమ్మి తడిపింది, వేళ్ల మధ్య సాగదీసి చూసింది.

"ఈ పట్నం కింద గూడ మన్ను ఉన్నదే బిడ్డా!"

"ఏం చేస్తవే మన్నుతోని?" గౌరవ్వకు నవ్వొచ్చింది.

"బాలింతకు నీళ్లు కాగొద్దా? ఆ గ్యాసునూనె వత్తుల పొయ్యి మీద అంత పెద్ద గంగాళం నిలుస్తదా?"

తవ్వేవాళ్లను అడిగి రెండు తట్టలు తెచ్చింది. బర్రెల కొట్టం నుంచి పొట్టు, పేడ తెచ్చింది. అజ్మత్ బీ ముందు నిలబడి, మొదటిసారి కొంచెం జంకుతూ అడిగింది. "బీబమ్మా, మీ వాకిట్ల పొయ్యికి ఒక మూల ఇస్తవా? బిడ్డ కాన్పు ఈడనే."

అజ్మత్ బీ ఆమెను, వెనక నిలబడ్డ గౌరవ్వను మార్చి మార్చి చూసింది. "ఆ గోడ మూలకు పెట్టు. పొగ నా దండెం దిక్కు వచ్చిందా, నిజంగనే ఖాళీ చేయిస్త."

"గాలి ఎటు కొడ్తదో చూసే పెడుత."

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి మట్టి తొక్కింది. ముద్దలు చేసింది, గోడ లేపింది, లోపల వేళ్లతో తడిమి మంట తిరిగే దారి సరిచేసింది. మూడు గడ్డలు నిలబెట్టి, వాటి ఎత్తు మూరతో కాకుండా కంటితోనే కొలిచింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒకామె తనకూ ఒకటి చేసిపెట్టమంది. భూమక్క తల ఎత్తకుండానే అంది. "మల్ల వచ్చినప్పుడు చేస్త తల్లీ. తొమ్మిదో నెల పడంగనే వస్త."

"రా, రా," అంది అజ్మత్ బీ. "డాబా మీద సానిపి మాత్రం చల్లకు."

అందరూ నవ్వారు. భూమక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది.

వెంకటి ఆమెను గౌలిగూడ బస్టాండుకు తీసుకుపోయి ఎల్లారెడ్డి బస్సు ఎక్కించాడు. ఊర్లో అందరూ బిడ్డ ఏదని అడుగుతారు. తొలి కాన్పుకు తీసుకురాకుండా ఒక్కతే వచ్చిన తల్లిని వింతగా చూస్తారు. కిటికీ పక్కన కూర్చుని ఆమె జవాబు వెతుక్కుంది. బస్సు పట్నం దాటకముందే దొరికింది. ఆకు నోట్ల వెట్టుకొని పోతే అయిపోకముందే దవాఖాన వస్తది, అని చెబుతుంది. అంతకన్నా ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ వాకిట్లో గౌరవ్వ చిన్న పీట వేసుకుని కూర్చుంది. మూడు రోజులు ఎండనివ్వాలి, తడి మీద అంటిస్తే పగులుతుందని అవ్వ రెండుసార్లు చెప్పి వెళ్లింది. గోడ నీడ జరిగి ఎండ పొయ్యి మీదికి వచ్చింది. ఎర్రమట్టి ఒక పక్క నుంచి మెల్లగా లేతరంగుకు తిరుగుతోంది. పొయ్యి నోటి దగ్గర మాత్రం, చివరిసారి నిమిరిన చోట, నాలుగు వేళ్ల జాడ ఇంకా తడిగానే ఉంది.