పొడి చేతులు

మాణిక్యం ఉప్పుకాగితంతో మూడో పిడి అంచును ఇంకోసారి రుద్దాడు. తెల్లటి పొడి ముంజేతి వెంట్రుకల మీద పేరుకుంది. సాకేత్‌లోని ఆ డిజైన్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. వాళ్లు గీసినదాన్ని చేతికందేలా చెయ్యడం, పారేయమంటే పారేయడం.

పదకొండింటికి మూడు నమూనాలనూ గోడకు బిగించాడు. స్నానాలగదిలో ముసలివాళ్లు పట్టుకునే పిడులవి. ఇవాళ ఒకదాన్నే ఒప్పుకుంటారు. కంపెనీ దాన్నే వేలల్లో తయారు చేస్తుంది.

పెద్ద డిజైనర్ పద్మనాభం దూరంగా నిలబడి చూశాడు. అతని పద్ధతి అంతే. ముందు కన్ను ఒప్పుకోవాలి, చెయ్యి సంగతి తర్వాత.

"మూడోదేంటమ్మా, కాకరకాయా?"

అందరూ నవ్వారు. అది కుర్ర డిజైనర్ వైశాలి గీసింది. లావుగా, గాట్లుగాట్లుగా ఉంది.

"సర్, పట్టుకుని చూడండి ప్లీజ్. గ్రిప్ కోసమే అలా."

పట్టుకున్నాడు. "మొదటిదీ పట్టుకి బాగానే ఉందిగా. కొనేది కొడుకులూ కోడళ్లూ. వాళ్లకి బాత్రూమ్ ఆస్పత్రిలా కనబడకూడదు."

ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్నారు. ఏసీ గదిలో అన్నీ పొడి చేతులే. సబ్బు చేత్తో పట్టుకుంటే నున్నటి మొదటిది జారిపోతుంది, మూడోది జారదు. పొద్దున కుళాయి దగ్గర మాణిక్యం పట్టి చూశాడు కూడా.

"అంకుల్, మీరేగా చేసింది. మీరు చెప్పండి," అంది వైశాలి.

పద్మనాభం తిరిగాడు. "ఆఁ, చెప్పవయ్యా మాణిక్యం."

"చూడ్డానికి బాగోలేదమ్మా."

"అచ్ఛా... ఠీక్ హై అంకుల్," అంది ఆ పిల్ల.

మూడోదాన్ని అతనే విప్పాడు. అతనే చెత్తబుట్టలో వేశాడు.

సాయంత్రం జియా సరాయ్‌లో నాలుగంతస్తులెక్కి గది తాళం తీశాడు. లోపల ఎవరూ లేరు. పోయిన చలికాలం భార్య ధనమ్మ అడిగింది. "ఏమయ్యా, స్నానాలగది గోడకి తాడు కట్టుకుంటాను. కాళ్లు నిలవట్లేదు."

అతను గుమ్మం దగ్గర నిలబడి, పద్మనాభంలాగే తల వంచి చూశాడు. "చూడ్డానికి బాగోదు. పశువుల కొట్టంలా ఉంటుంది," అన్నాడు.

ఆవిడ మళ్లీ అడగలేదు. నాలుగోరోజు పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లాక లోపల ఏదో పడిన చప్పుడైంది. చెంబనుకున్నాడు. టీ మొత్తం తాగాకే లేచాడు. అప్పటికే ప్రాణం పోయింది.

చేతుల పొడి కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లి దీపం వేశాడు. గోడకి, ఆవిడ నడుమెత్తున, అతను పనికి పోయినప్పుడు ఆవిడ పచ్చడిబండతో కొట్టుకున్న మేకు సగమే దిగి, వంగి, తుప్పు పట్టి ఉంది.