అరగని గిటారు

రోగేలియో నల్లచొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు డెల్ఫినా చెయ్యి పొట్ట దగ్గరికొచ్చి నెమ్మదిస్తుంది. అక్కడ బెల్టు బకిల్ రాసుకుని రాసుకుని గుడ్డ పలచబడింది. పెట్టె కాస్త ఎక్కువసేపు ఆగితే చిల్లే. శనివారాలు అతను పెళ్ళిళ్ళలో గిటారు వాయిస్తాడు, ఈ చొక్కా లేకపోతే వేళ్ళు ఆడవంటాడు. పొయ్యి మీది చిక్కుడు గింజల్లో నీళ్ళు ఇంకిపోయాయేమో చూసొచ్చి మళ్ళీ కాలరు పట్టుకుంది. బకిల్ ఏ చోట ఎంత అరగదీస్తుందో ఆమెకి తెలిసినంతగా రివర్‌సైడ్‌ ఊళ్ళో చాలామందికి తెలియదు. వారమంతా ఆమె చేసే పని అదే.

నిమ్మతోటలు కొట్టేసిన చోట కట్టిన గిటార్ల ఫ్యాక్టరీలో, కొత్తవాటిని పాతవి చేసే బల్ల దగ్గర ఆమె ఉద్యోగం. పంతొమ్మిది వందల అరవై అయిదులో గిటారు కరెంటెక్కి, పాట గొంతు పెంచి మలుపు తిరిగిందట. ఆ ఏటి గిటార్లంటే జనం పడిచస్తారు, కానీ అన్ని ఎక్కడ మిగిలాయి? అందుకే అదే నమూనాలో కొత్తవి చేసి వాటికి వయసు పెడతారు. మోచెయ్యి ఆనే చోట రంగు గీకుతారు, వెనక బకిల్‌తో గీతలు పెడతారు. గీకబోయే ముందు ఒక ఆనవాయితీ ఉంది. సూపర్‌వైజరు గ్లెన్ వచ్చి "ఇది ఎవడిది?" అని అడుగుతాడు. ఆ గిటారుకి ఒక యజమానిని కల్పించి చెప్పాలి. ఓడ దిగిన నావికుడనో, తాగుడు కొట్లో వాయించేవాడనో. వాడి బతుకు ఎలా ఉంటే గిటారు అలా అరుగుతుంది. డెల్ఫినా చేతుల్లో ఎందరో మగవాళ్ళు అలా ముసలివాళ్ళయ్యారు.

"కొత్తవి పాడుచేసినందుకు జీతమిచ్చే చోటు నీకే దొరికిందే," అంటాడు రోగేలియో. అతని గిటారూ ఆమె అరగదీసిందే. హాల్లో గోడకి వేలాడుతుంది. దాని దుమ్ము తుడవడం ఆమె వంతు, తీగ మీద వేలు పడితే మాత్రం "శ్రుతి పోతుంది, వదిలెయ్" అని లోపలి గదిలోంచి కేక. కిందటి ఆదివారం చుట్టాలు భోజనానికొచ్చినప్పుడు తమ్ముడి వరసవాడొకడు ఆ అరుగుదలని నిమిరి చూసి మురిసిపోయాడు. "ఇరవై ఏళ్ళు వాయిస్తే ఇలా అవుతుంది తమ్ముడూ. ఊరికే రాదు," అన్నాడు రోగేలియో. అన్నం గిన్నెతో అతని వెనకే నిలబడి ఉంది డెల్ఫినా. ఆ మచ్చ కోసం మణికట్టు వాచి, ఎడంచేత్తో జుట్టు దువ్వుకున్న రోజులు గుర్తొచ్చాయి. "ఇంకాస్త వెయ్యనా?" అని మాత్రం అంది.

వంటింట్లో పళ్ళేలు తుడుస్తున్న అత్తగారు అంపారో తలెత్తకుండానే, "ఇరవై ఏళ్ళట. అది ఇంటికొచ్చి రెండు క్రిస్మసులు కాలేదు," అంది. తర్వాత, "వాళ్ళ నాన్నా ఇంతే. నేను కుట్టిన కోటు తొడుక్కుని, పట్నంలో కొన్నానని చెప్పుకునేవాడు." డెల్ఫినా తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. ఆవిడ నోట ఇలాంటి మాట ఎన్నడూ విన్నది కాదు. "చూస్తావేం అమ్మాయ్, గింజలు మాడుతున్నాయి," అంది ఆవిడ ఎప్పటి గొంతుతోనే.

ఆ మర్నాడే గ్లెన్ తేనెరంగు గిటారొకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఇది ప్రదర్శనకి వెళ్ళేది. కుదిరితే ఈ బల్ల పనివాళ్ళకి పెద్దరికం నీదే, డెల్ఫినా. శుక్రవారానికి కావాలి." ఇవాళ గురువారం, రేపే గడువు. ఇంకా అది ఎవడిదో కూడా తేల్చుకోలేదు.

"ఆ పెద్దరికం సంగతేమయింది?" చొక్కా అందుకుంటూ అడిగాడు రోగేలియో. "పెద్దరికమంటే ఇంటికి ఆలస్యంగా రావడమేగా. అమ్మకి మందులెవరిస్తారు? నీ వల్ల కాదని చెప్పెయ్."

ఆమె ఇస్త్రీపెట్టె వైరు చుట్టింది. పలచబడిన ఆ చోటుని అతను చూసుకోనైనా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం గ్లెన్ వచ్చి గిటారు వెనక్కి తిప్పాడు. బకిల్ గీత ఒక్కటీ లేదు. ముందుకి తిప్పాడు. మోచెయ్యి చోట రంగు చెక్కుచెదరలేదు. కిటికీ ఎండ పడ్డట్టు ఒక పక్క వెలిసింది. వారం వారం గుడ్డతో తుడిచినట్టు భుజం దగ్గర మెరుగు పోయింది. కింది అంచుకి వంటింటి పొగ పట్టిన పసుపు. తీగల కింది మెట్ల మొదట్లో నాలుగు వేళ్ళూ ఒకే ఒక్క తీరున నొక్కిన గుర్తులు.

"వాయించినట్టే లేదే. ఎవడిదిది?"

"ఒకావిడది."

"అరవై ఏళ్ళు ఇంట్లో పెట్టుకుని వాయించలేదా?"

"తీగల మీద వేళ్ళు నొక్కే ఒక్క పట్టు నేర్చుకుంది. ఈలోగా ఎవరో పిలిచారు."

గ్లెన్ నవ్వబోయి ఆగాడు. "కొనేవాళ్ళు అరుగుదల చూసి కొంటారమ్మా. నీకు పెద్దరికం కావాలా, వద్దా? సాయంత్రం దాకా టైముంది. గీకెయ్," అని గరుకు కాగితం ఆమె ముందుకి జరిపాడు.

డెల్ఫినా ఆ కాగితాన్ని మడిచి డబ్బాలో పెట్టింది. "పెద్దరికం కావాలి. కానీ దీనికి ఇంతే. ఇంకా గీకితే అబద్ధమవుతుంది."

"మనం ఇక్కడ చేసేవన్నీ అబద్ధాలే కదా."

"ఇన్నాళ్ళూ చేసినవి. ఇది కాదు."

అతను గిటారుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మెట్ల మీద గుర్తుల్లో తన వేళ్ళు పెట్టి చూశాడు. అవి పట్టలేదు. లేచి వెళ్ళి, ప్రదర్శనకి పంపే వరసలో చివరి కొక్కేనికి తగిలించాడు. "పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు," అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"ఇంతకీ ఆవిడ ఎప్పటికైనా వాయిస్తుందా?"

డెల్ఫినా ఏప్రన్ ముడి విప్పుకుంటోంది.

"ఈ ఆదివారం, చుట్టాలంతా వచ్చాక," అంది. "వడ్డన వాళ్ళాయన చూసుకుంటాడు."